చక్రానికి చింతపండు వద్దండీ!

బండి - బాగోగులు

సంక్రాంతి నాలుగు రోజులూ కోనసీమ రోడ్లు చూడాలి. హైదరాబాదు నుంచీ, బెంగళూరు నుంచీ పండక్కొచ్చిన కార్లతో అమలాపురం, రాజోలు, కొత్తపేట వీధులు కిటకిటలాడిపోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మర్నాడు అంతర్వేది నరసింహస్వామి దర్శనం, పిల్లలు మారాం చేస్తే ఓడలరేవు బీచి... అన్నీ అయ్యాక తిరుగు ప్రయాణం. ఊరెళ్లగానే కారు పైభాగం తళతళలాడేలా కడిగిస్తారు. మరి చక్రాలో? మన కాళ్లకు మట్టంటితే గుమ్మంలోనే కడుక్కుంటాం. కారు కాళ్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు!

మామూలు ఇనుప రిమ్ములైతే పైన ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది పాడైతే మార్చేస్తే సరి. అలాయ్ చక్రాలు అలా కాదు. ఖరీదెక్కువ, సుకుమారం ఇంకా ఎక్కువ. ఇవి అల్యూమినియంలో సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం లాంటివి కలిపి పోతపోసినవి. దానిమీద రంగు, ఆ రంగుమీద అద్దంలాంటి పలుచని లక్కపొర. షాపులవాళ్లు దీన్నే క్లియర్ కోటు అంటారు. మనకు కనిపించే మెరుపంతా ఈ పొరదే. కాబట్టి చక్రాన్ని కాపాడుకోవడమంటే ఈ పొరను కాపాడుకోవడమే.

ముగ్గురు శత్రువులు

మొదటిది ఉప్పు. సముద్రపు గాలిలో ఉంటుంది, బీచి ఇసుకలో ఉంటుంది, రొయ్యల చెరువుల గట్ల మీద నిలిచిన నీళ్లలోనూ ఉంటుంది. రెండోది బురద. లంక దారుల్లో తిరిగిన కారుకు చక్రం లోపలివైపు ముద్దలు ముద్దలుగా పట్టేసి, తడిని రోజుల తరబడి అట్టేపెడుతుంది. మూడోది బ్రేకు పొడి. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లూ, ఇనుప డిస్కూ అరిగి సన్నని పొడి రాలుతుంది. వేడివేడిగా వెళ్లి పొరలో గుచ్చుకుని, అక్కడే తుప్పుపడుతుంది. కారు ఆపే పనిలో ఎక్కువ భారం ముందు బ్రేకులదే. ముందు చక్రాలే తొందరగా నల్లబడేది అందుకే.

రాయి తగిలో, ఫుట్‌పాత్ అంచు గీసుకునో పొర కొంచెం లేచిందనుకోండి. ఆ సందులోంచి ఉప్పునీరు లోపలికి దూరుతుంది. కొన్నాళ్లకు పొర కింద తెల్లటి గీతలు పురుగులు పాకినట్టు కనిపిస్తాయి. అప్పుడిక ఎంత తోమినా పోవు. రంగంతా తీయించి మళ్లీ వేయించాల్సిందే.

పంక్చరు లేదు... గాలి ఆగదు!

ఇదేదో అందం గొడవే అనుకోకండి. ట్యూబులేని టైరు గాలిని పట్టి ఉంచేది టైరు అంచు, రిమ్ము ఒకదానికొకటి అతుక్కుని కూర్చునే చోటు. అక్కడ అల్యూమినియం తుప్పు తెల్లటి పొడిలా పేరుకుంటే సన్నని సందులు పడతాయి. వారం వారం గాలి తగ్గిపోతుంటుంది. పంక్చరు షాపులో నీళ్లలో ముంచి చూస్తే మేకూ ఉండదు, ముల్లూ ఉండదు. రిమ్ము అంచు నుంచి మాత్రం చిన్న చిన్న బుడగలు వస్తాయి. గాలి తక్కువున్న టైరుతో హైవే ఎక్కితే అది వేడెక్కి పేలే ప్రమాదముంది. ఒకే చక్రానికి తరచూ గాలి తగ్గుతుంటే టైరు విప్పించి, రిమ్ము అంచు శుభ్రం చేయించి మళ్లీ ఎక్కించమనండి.

ఇత్తడి బిందె వైద్యం పనికిరాదు

మన ఇళ్లల్లో ఇత్తడి బిందెకు చింతపండు, బూడిద, కొబ్బరి పీచు... ఇంతకు మించిన మందు లేదు. అదే చెయ్యి చక్రం మీద వేశారో, అంతే సంగతులు! పీచు, బూడిద పొరనిండా గీతలు పెడతాయి. పొర లేచిన చోట పులుపు లోహాన్నే పట్టుకుంటుంది. సిల్వర్ గిన్నెలని మనం పిలిచే అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచొద్దని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే కదా! బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా అసలు దగ్గరికే రానివ్వకండి. రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కూడా చక్రాలకు యాసిడ్ కొట్టొద్దని ముందే చెప్పండి.

ఎలా కడగాలి?

దూరం నుంచి వచ్చీ రాగానే కడగొద్దు. బ్రేకులు కాలిపోతుంటాయి. చన్నీళ్లు పడితే డిస్కులు వంకర పోవచ్చు. చెయ్యి పెట్టి చూసి, పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి.

ముందు వట్టి నీళ్లతో మట్టి, ఇసుక పోయేదాకా కొట్టండి. లోపలివైపు మరిచిపోవద్దు. తర్వాత కారు షాంపూ కలిపిన నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో రుద్దండి. చక్రాలకు బకెట్టు, గుడ్డ వేరే ఉండాలి. వాటిలోని ఇసుక కారు ఒంటికి తగిలితే గీతలే. నల్లటి చుక్కలు వదలకపోతే బ్రేకు పొడికని అమ్మే ఆమ్లం లేని మందు వాడండి. ఇనుము తగిలిన చోట అది ఊదారంగుకు తిరుగుతుంది. ఆరిపోకముందే కడిగేయాలి. తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆఖరి కడుగు మంచినీళ్లతో చేసి వెంటనే గుడ్డతో తుడిచేయండి. బీచికి వెళ్లొస్తే ఆ సాయంత్రమే కడగాలి. మిగతా రోజుల్లో వారానికోసారి చాలు.

పాలిష్ ఎవరికి?

లోహపు పాలిష్ అన్ని చక్రాలకూ పనికిరాదు. కనిపించని మూల కొంచెం రాసి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డ నల్లబడితే అది పొరలేని ఉత్త లోహం, పాలిష్ చేసుకోవచ్చు. నల్లబడకపోతే పైన పొర ఉన్నట్టే. దానికి కారు ఒంటికి వాడే తేలికపాటి పాలిష్ చాలు.

రక్షణకు మైనం పూయండి. కార్ల మైనంలో పేరున్న కార్నౌబా బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు. ఆ చెట్టు మన కొబ్బరికి చుట్టమే! రెండు మూడు నెలలకోసారి పూస్తే బురద, బ్రేకు పొడి గట్టిగా పట్టుకోవు. సిరామిక్ పూత ఇంకా ఎక్కువకాలం ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. ఏది పూసినా బ్రేకు డిస్కు మీద పడనివ్వకండి. పడితే బ్రేకు పట్టదు. కడిగాక నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి చూసుకోండి.

వరద నీళ్లలో తిరిగాక...

2022 జులైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. అలాంటి నీళ్లలో తిరిగిన కారు చక్రం లోపల ఒండ్రు ఒకవైపే ఎండిపోతే, వేగం పెంచగానే స్టీరింగు వణుకుతుంది. ముందు శుభ్రంగా కడిగించండి, అప్పటికీ వణికితే బ్యాలెన్సింగ్ చూపించండి.

కడిగేటప్పుడే చక్రాన్ని నాలుగువైపులా చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా వెల్డింగుతో సరిపెట్టొద్దు, మార్చేయండి. ఇంటిల్లిపాదినీ మోసేవి ఆ నాలుగు చక్రాలే కదండీ!