మెడనొప్పీ హక్కుల సమస్యే

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ అనగానే మనకు ఇలాంటి ప్రమాదాలు, చెరువుల్లో కలిసిన విషపు నీళ్లు గుర్తొస్తాయి. వాటి మీద పోరాటాలు జరిగాయి, ఇంకా జరగాలి. కానీ ఆ వాడను ఆనుకునే వున్న ఇస్నాపూర్ అద్దె గదుల్లో ఏ పేలుడూ లేకుండా, ఏ పేపర్లోనూ రాకుండా స్త్రీల శరీరాలు అరిగిపోతున్న సంగతి మన చర్చల్లోకి రావడం లేదు.

భర్తలు షిఫ్టులకు వెళ్లాక ఈ స్త్రీలు మగ్గం పనికి కూర్చుంటారు. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు, చమ్కీలు కుట్టే పని. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ ముందు నేల మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. కుడిచేతిలో సూది గుడ్డ పైన, దారం అందించే ఎడమచెయ్యి గుడ్డ కింద. చూపు సూది మొన మీదే వుండాలి కాబట్టి మెడ ఎప్పుడూ వంగే వుంటుంది. నేను మాట్లాడిన స్త్రీలందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. మెడ పట్టేస్తుంది, నడుము లాగేస్తుంది, రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, పొద్దున బిందె పట్టుకుంటే జారిపోతుంది. ఎందుకిలా అనడిగితే, కాన్పుల తర్వాత వచ్చిందనో, వయసు మీద పడుతోందనో, ఆడవాళ్లకు ఇది మామూలే కదా అనో వాళ్లే సర్దిచెప్పుకుంటారు. డాక్టరు దగ్గరికెళ్తే నొప్పి మాత్రలు రాసిస్తారు. ఏం పని చేస్తావమ్మా అని అడిగేవాళ్లు తక్కువ.

కదలకుండా గంటల తరబడి బిగపట్టిన కండరానికి రక్తం సరిగా అందదు. ఒకే కదలికను రోజూ వేలసార్లు చేస్తుంటే మణికట్టు దగ్గర నరం నలిగి వేళ్లు మొద్దుబారతాయి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేస్తే చాలావరకు ఉపశమనం వుంటుంది. మరి ఎందుకు లేవరు? కూలి గంటకు కాదు, జాకెట్టుకింత అని కడతారు. లేచిన ప్రతి నిమిషమూ ఆమెకు నష్టమే. పోనీ, లేచినా విశ్రాంతి వుందా? బట్టలు పిండాలి, నీళ్లు మొయ్యాలి, పిండి పిసకాలి. అన్నిటికీ అదే మణికట్టు, అదే నడుము. ఈ నొప్పికి మూలం ఆడపుట్టుకలో లేదు, కూలి కట్టే పద్ధతిలోనూ, ఇంటిచాకిరీ అంతా ఆమె నెత్తినే వెయ్యడంలోనూ వుంది.

దగ్గర్లోని రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి వుంది. భర్తకు ఈఎస్ఐ వుంటే ఆమెకూ వైద్యం దొరుకుతుంది, అయితే అతని భార్యగా మాత్రమే. జబ్బు చేసి పని మానితే, అర్హత వున్న కార్మికుడికి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మెడ ఎత్తలేక ఆమె నెల రోజులు మగ్గం మానేస్తే ఒక్క రూపాయి రాదు. ఎందుకంటే లెక్కల్లో ఆమె పనే చెయ్యడం లేదు!

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29 జబ్బులను వృత్తి వ్యాధులుగా జాబితాలో చేర్చింది. సీసం విషం నుంచి సిలికోసిస్ దాకా వున్న ఆ జాబితాలో మెడ, నడుము, మణికట్టు నొప్పుల ఊసే లేదు. 2010లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సవరించిన జాబితాలో మాత్రం కండరాలు, కీళ్ల వ్యాధులు వున్నాయి. అదే సంస్థ 1996లో ఇంటి దగ్గర పనిచేసే వారి కోసం చేసిన ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల గురించే మాట్లాడుతుంది. ఒంటరిగా మగ్గం ముందు కూర్చున్న స్త్రీ ఏ సంస్థ?

ఇది కొత్త అన్యాయం కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీలను గురించి మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను తీరిక వేళల్లో అల్లికలు చేసుకునే గృహిణులుగా చూపడం వల్లే వ్యాపారులు అంత తక్కువ కూలితో సరిపెట్టగలిగారని చెప్పింది. ఇల్లు కాబట్టి చట్టం రాలేదనే వాదన కూడా నిలవదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీని కార్మికురాలిగానే గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. బీడీలు చుట్టే చేతులకు వర్తించినది మగ్గం పట్టే చేతులకు ఎందుకు వర్తించదు?

జాకెట్టు కుట్టడానికి పట్టే గంటలను, మధ్యలో విశ్రాంతిని లెక్కగట్టి కూలి రేటు నిర్ణయించాలని మనం అడగాలి. మధ్యలో ఎంతమంది మేస్త్రీలున్నా పని ఇచ్చిన దుకాణందారే బాధ్యుడు కావాలి. ఈ నొప్పులు వృత్తి వ్యాధుల జాబితాలోకి రావాలి. అంతవరకూ ఊరుకోనక్కర్లేదు. సంఘం సమావేశంలో ఒక చార్టు మీద మనిషి బొమ్మ గీసి, ఎవరికి ఎక్కడ నొప్పో అక్కడ చుక్క పెట్టించండి. పక్కనే రోజుకెన్ని గంటలు, ఎన్నేళ్లుగా అన్నది రాయండి. తన ఒక్కదానిదే అనుకున్న నొప్పి అందరిదీ అని ఆ చుక్కలే చెప్తాయి. ఆసుపత్రికి తోడు వెళ్లినప్పుడు, ఓపీ చీటీలో వృత్తి దగ్గర గృహిణి అని రాస్తుంటే ఆపి, మగ్గం కార్మికురాలు అని రాయించండి.