అవార్డు సినిమా అంటే ఆవులింతేనా?

'అవార్డు సినిమా' అనగానే మనలో చాలామందికి ఆవులింత వస్తుంది, అవునా కాదా వదినలూ! పాటలుండవు, నవ్వులుండవు, ఓ ముసలాయన అరగంటసేపు బావిలో నీళ్లు తోడుతూనే ఉంటాడని మావారు వెక్కిరిస్తారు. ఆయన సంగతి వదిలేయండి. జాతీయ ఉత్తమనటి అవార్డు ఏయే పాత్రలకి వచ్చిందో ఒక్కసారి చూడండి. రాణులకీ దేవకన్యలకీ కాదు, మన వీధిలో కనిపించేలాంటి ఆడవాళ్లకి!

తొలిరోజుల్లో ఆ అవార్డుని 'ఊర్వశి' అనేవారు. అందుకే మన తెనాలి ఆడపడుచు శారదగారు ఇప్పటికీ ఊర్వశి శారదే. పేరేమో అప్సరసది, ఆ పేరు తెచ్చిన పాత్రేమో ఆకలితో ఏడ్చే పిల్లలకి పిడికెడు మెతుకులు పెట్టలేని తల్లిది. 1968 నాటి మలయాళ సినిమా 'తులాభారం' అది. తెలుగులో 'మనుషులు మారాలి'గా తీస్తే అందులోనూ ఆవిడే. మా అమ్మమ్మ ఆ కథ చెబుతూనే కళ్లొత్తుకునేది. 1972లో మళ్లీ మలయాళానికే, 'స్వయంవరం'. మూడోసారికి, 1978లో 'నిమజ్జనం'తో తెలుగులో వచ్చింది.

నాకు మాత్రం అర్చన అంటే ప్రాణం. 1987లో తమిళ 'వీడు'కి, మర్నాటి ఏడే మన 'దాసి'కి, వరసగా రెండు! 'వీడు' అంటే ఇల్లు. తాతయ్యనీ చెల్లెల్నీ పెట్టుకుని అద్దింట్లో ఉండే ఉద్యోగస్తురాలు సొంతిల్లు కట్టుకోవాలనుకుంటుంది. అంతే కథ. ఇల్లు కట్టి చూడు అన్న మాటకి అర్థం తెలిసినవాళ్లకి ఆ సినిమాలో ఒక్క నిమిషం కూడా నీరసం రాదు. లోను కాగితాలు, సిమెంటు లెక్కలు, మేస్త్రీ మోసాలు... బాలు మహేంద్రగారు మన ఇళ్లలో దాక్కుని చూశారా అనిపిస్తుంది. బి. నర్సింగరావుగారి 'దాసి' వేరే లోకం. తెలంగాణ గడీలో అరణంగా వచ్చిన పిల్ల కథ. పెద్దగా మాటలుండవు, చూపులే. ఆ సినిమాలో దుస్తులు సమకూర్చిన సుదర్శన్ గారికీ అవార్డు వచ్చింది. నగానట్రా లేని ముతక చీరకీ అవార్డు ఇచ్చారంటే నాకెంత ముచ్చటేసిందో!

1990లో 'కర్తవ్యం'కి విజయశాంతి, 2018కి 'మహానటి'లో కీర్తి సురేష్. ఇవి అందరూ చూసినవే, నేను చెప్పేదేముంది.

కానీ 'వీడు', 'దాసి' లాంటివి మన ఊరి హాల్లో ఎవరాడించారు చెప్పండి? ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో అవార్డు సినిమాలు వేసేవారు. అంట్లు పక్కన పెట్టి కూచుంటే చూడగలిగాం. ఆ ముద్రే లేకపోతే అవి డబ్బాల్లోనే ఉండిపోయేవి. అవార్డులిచ్చి ఏం లాభం అనేవాళ్లకి నేను చెప్పేదిదే.

అందుకే 1964లో మొదలైన నంది అవార్డులు ఆగిపోతే నాకు కడుపు రగిలింది. 2014, 15, 16 సంవత్సరాలవి కలిపి 2017లో ప్రకటించారు, ఆ తర్వాత ఏళ్లతరబడి ఊసే లేదు! ఆ మధ్యలో మంచి పాత్రలు వేసిన నటీమణుల మాటేమిటి? తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చినప్పుడు గడిచిపోయిన ఏళ్ల ఉత్తమ చిత్రాలను కూడా ఎంపిక చేసింది. సంతోషమే. అయినా, ఏ ఏటి నటిని ఆ ఏడే పేరుపెట్టి వేదికెక్కించడం వేరు కదా!

2024కి ఆ గద్దర్ ఉత్తమనటి ఎవరనుకున్నారు? '35 చిన్న కథ కాదు'లో నివేదా థామస్. తిరుపతిలో బస్సు కండక్టరుగారి భార్య, ఇద్దరు పిల్లల తల్లి. లెక్కల్లో పాసు మార్కులు రాని కొడుకు కోసం తనే మళ్లీ పుస్తకం పడుతుంది. సున్నాకి విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అయిందని ఆ పిల్లాడు అడుగుతుంటే, నేను చేతిలో చపాతీపిండి అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఇంట్లో చదివే పిల్లలుంటే పక్కన కూచోబెట్టుకుని చూడండి.

మీ మనసులో నిలిచిపోయి, ఏ అవార్డూ రాని ఆడపాత్ర ఏదన్నా ఉంటే నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం వాటి సంగతి చెప్పుకుందాం.