మోటారుబండిలో తిరుగలిమ్రోత

రాజమార్గమున వేగము 80 కిలోమీటర్లు దాటగనే బండిక్రింద తిరుగలి విసరినట్లు మ్రోత పుట్టుచున్నదని యొక సోదరి మాకు వ్రాసినది. వేగము మార్పక గేరు మాత్రము మార్చి చూడవలెను. మ్రోత మాఱనిచో యంత్రమును విడిచి చక్రములవైపు వెదకుట మేలు. నున్నని బాటపై నది తగ్గెనా, టైర్ల యరుగుదలను శంకింపవలెను. రద్దీలేనిచోట మెల్లగా నెడమకు వంపు తిరుగునపుడు హెచ్చి, కుడికి దిరుగునపుడు తగ్గినచో, కుడివైపు చక్రపు బేరింగును, అనగా చక్రమును సులువుగా దిప్పు ఉక్కుగుండ్ల వలయమును, పరీక్షింపవలెను. వంపున భారము వెలుపలి చక్రముపై బడును గదా! రేడియో హెచ్చించి మ్రోతను గప్పిపుచ్చు మగవారును గలరు. బేరింగు మిక్కిలి చెడినచో చక్రమే యూడిపోవచ్చును. అది మార్పించువఱకు పిల్లలతో తిరుపతి ప్రయాణము మాకు సమ్మతము గాదు.