పెళ్లితో ఆగని ఆట

మా ఏఎస్ రావు నగర్‌లో కూతురో కోడలో అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే చాలామంది ముందు అల్లుడి ఉద్యోగం గురించే చెబుతారు. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు సింధుజా రెడ్డి గుర్తొస్తుంది.

నల్గొండ జిల్లా అమ్మాయి సింధుజ. హైదరాబాదు జట్టుకు ఆడింది. పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, 2017లో వికెట్ కీపర్‌గా ఆ దేశపు మహిళా క్రికెట్ జట్టుకు ఎంపికైంది. మన అమ్మాయేనని అందరం మురిసిపోయాం. మరి పెళ్లితోనే బ్యాటును అటకెక్కించినవాళ్ల సంగతేమిటి?

పుట్టుక, పౌరసత్వం లేకపోయినా, వరుసగా మూడేళ్లు నివసించిన దేశం తరఫున ఆడవచ్చని అంతర్జాతీయ క్రికెట్ మండలి నిబంధన. అంటే ఆట ఆమె నివాసాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. వీసా చట్టం భర్త హోదాను చూస్తుంది. హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసాపై వెళ్లిన స్త్రీకి 2015 దాకా అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా కొందరికే అనుమతి, అదీ భర్త గ్రీన్ కార్డు వ్యవహారం ముందుకు సాగితేనే.

అక్కడి చట్టాన్ని ప్రశ్నించాల్సిందే. కానీ ఆంక్షలు మొదలయ్యేది మన పెళ్లిచూపుల్లోనే కదా! "పెళ్లయ్యాక ఆట మానేస్తుందిలెండి" అని అమ్మాయి తరఫున మాటిచ్చేది మనమే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల క్రికెట్ ఉంటుంది. అప్పుడు చప్పట్లు కొట్టే ముందు, ఈ మాటివ్వడం మానుకుందాం.