ఫైలు మోసే పనికీ ఒక చదువుంది

నీట్‌లో సీటు రాని అమ్మాయికి మన ఇళ్లలో దొరికే సలహాలు మూడే. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్, అప్పు చేసైనా విదేశంలో ఎంబీబీఎస్, రెండూ కాకపోతే ఏదో ఒక డిగ్రీలో చేర్పించి సంబంధాలు చూడటం. ఈ మధ్య నాలుగోది చేరింది: అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్. ఆ నాలుగోదాని పక్కనే ఉండి, ఎవరి కంటా పడని చదువొకటుంది. దాని పేరు మెడికల్ ఇన్ఫర్మాటిక్స్. ఇవాళ దాని గురించి రాద్దామని కూర్చున్నాను.

పేరు వినగానే కంప్యూటర్ కోర్సు అనుకుంటారు. కాదండీ. రోగి గురించి తెలిసిన విషయం, దాన్ని తెలుసుకోవాల్సిన మనిషికి, సమయానికి, అర్థం మారకుండా ఎలా చేరాలన్నదే ఈ చదువు. కంప్యూటర్ అందులో పనిముట్టు మాత్రమే. ఆ మాటకొస్తే ఈ పని మనం ఏళ్ల తరబడి జీతం లేకుండా చేస్తున్నాం. పాత చీటీలు, స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు ఉన్న సంచి ఏ ఇంట్లోనైనా ఎక్కువగా ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది. "షుగర్ ఎప్పట్నుంచి?" అని డాక్టరు అడిగితే, ఆ పెద్దాయన తల తిప్పి భార్య వైపు చూస్తాడు!

మా అత్తయ్యగారికి గుండెకొక డాక్టరు, షుగరుకి ఇంకో ఆస్పత్రిలో ఇంకొకరు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ బీపీకి చెరో మాత్ర రాశారు. పేర్లు వేరు, రంగులు వేరు, కంపెనీలు వేరు. పది రోజులు తిరక్కుండానే ఆవిడ మంచం మీంచి లేస్తే చాలు కళ్లు తిరగడం మొదలైంది. ఒకరోజు బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడబోయి గోడ పట్టుకున్నారు. అట్టల వెనక చిన్న అక్షరాలు చదివితే, రెండింటి మీదా టెల్మిసార్టాన్ అనే ఉంది. డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే ఒకటి ఆపించారు.

ఆ రెండు ఆస్పత్రుల్లోనూ కంప్యూటర్లున్నాయి. కానీ ఒకదాంట్లో ఉన్నది రెండోదానికి తెలియదు. బ్రాండు పేరు వెనక ఉన్న అసలు మందేమిటో యంత్రానికి అర్థమయ్యేలా రాయాలి. ఒకే మందు రెండుసార్లు పడితే హెచ్చరించాలి. అలాగని అయినదానికీ కానిదానికీ హెచ్చరిస్తే, డాక్టరు విసిగిపోయి చదవకుండానే అన్నీ నొక్కేస్తాడు. ఎక్కడ హెచ్చరించాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నది ఈ రంగంలో పెద్ద పరిశోధనాంశం. వంటింట్లో కుక్కర్ విజిల్ ఎన్నోదో పట్టించుకోవడం మానేసిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. అక్కడ షుగర్ 7 అంటే మన లెక్కలో 126. అక్కడి నుంచి అబ్బాయి "ఏడు వచ్చిందమ్మా" అంటే, ఇక్కడ అమ్మ అది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అనుకుంటుంది. అంకె ఒక్కటే ఉంటే సరిపోదు. ఏ పరీక్ష, ఏ కొలత అన్నది కూడా దానితోపాటు ప్రయాణించాలి. పరీక్షల పేర్లకి లోయింక్, జబ్బులూ చికిత్సల పదాలకి స్నోమెడ్ సీటీ లాంటి పద్ధతులు పుట్టింది ఇందుకే.

ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు. ఆస్పత్రులన్నీ ఒకే తీరులో లెక్కలు రాయాలని 19వ శతాబ్దంలోనే పట్టుబట్టింది నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు, రోగి రికార్డు తోచినట్టు రాసుకునే కాగితాల కట్టలా కాకుండా సమస్యల వారీగా ఉండాలని వాదించాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్, హైల్‌బ్రాన్‌లు కలిసి దీన్ని డిగ్రీ చదువుగా మొదలుపెట్టాయి. అమెరికాలో డాక్టర్లకి ఇదొక ఉప స్పెషాలిటీగా గుర్తింపు పొందింది మాత్రం 2011లో. అంటే శాస్త్రంగా ఇంకా పెరుగుతున్న పిల్లే.

మన దగ్గర 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఇదొక సబ్జెక్టుగా చేరింది. నాకు చాలా సంతోషమేసింది. భయం కూడా వేసింది. వర్డు, ఎక్సెల్ నేర్పించి అయిందనిపిస్తే ఆ గంటలు దండగ. వార్డులో రాత్రి డ్యూటీ చేసి, డ్యూటీ మారేటప్పుడు ఏ మాట జారిపోతుందో తెలిసిన నర్సే ఈ పాఠం చెప్పాలి. కంప్యూటర్ ల్యాబ్ సారు ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

ఇక అమీర్‌పేట సంగతి. మెడికల్ కోడింగ్ గౌరవమైన ఉద్యోగమే, ఎందరో ఆడపిల్లలు దాంతో నిలదొక్కుకున్నారు. కానీ అది జరిగిన వైద్యాన్ని ఎక్కువగా బీమా బిల్లు కోసం కోడ్లలోకి మార్చే పని. పెద్ద చెట్టులో ఒక కొమ్మ. కొమ్మని చూపించి చెట్టు పేరుతో ఫీజు అడిగేవాళ్లుంటారు, చూసుకోండి. కోర్సుకి ఆస్పత్రి ఉందా, పిల్లలు వార్డులోకి వెళ్తారా, పాఠాలు చెప్పేవాళ్లలో డాక్టర్లూ నర్సులూ ఉన్నారా అని అడగండి.

ఇంకొకటి కూడా అడగాలి. ఇప్పుడు 14 అంకెల ఆభా నంబరుతో రికార్డులన్నీ ఒకచోట కలుస్తాయంటున్నారు. మంచిదే, మా అత్తయ్యగారి లాంటి వాళ్లకి అది ప్రాణాధారం. అయితే ఆధార్‌కి కలిపిన ఫోను ఎవరిది? చాలా ఇళ్లలో భర్తదో కొడుకుదో. గర్భం నిలవని సంగతి, నిద్ర పట్టక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లిన సంగతి, అత్తింట్లో చెప్పుకోలేని పరీక్ష — అన్నిటికీ ఓటీపీ ఆ ఫోనుకే పోతే, "రోగి అనుమతించారు" అనే మాటకి అర్థమేముంది? కాబట్టి అమ్మాయిని చేర్పించే ముందు కాలేజీవాళ్లని ఇదీ అడగండి: మీ సిలబస్‌లో రోగి అనుమతి గురించిన పాఠంలో, సొంత ఫోను లేని ఆడమనిషి సంగతి ఎక్కడైనా ఉందా?