క్రౌన్ మార్చే ముందు టైరు చూడండి

మదనపల్లె, పలమనేరు పక్క మిట్ట చేలల్లోంచి టమాటా బాక్సులు రోడ్డెక్కించడానికి పాత మహీంద్రా జీపును నమ్ముకున్న రైతులున్నారు. బండి ఎగువ ఎక్కడం లేదంటే షెడ్డులో చెప్పే మొదటి మాట, "క్రౌన్ పినియన్ మార్చేద్దాం" అని. ఆ మాట విని వెంటనే అప్పు చేయడం మంచిది కాదు.

లెక్క చూడండి. క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8 ఉంటే 4.88. అదే 43, 8 అయితే 5.38. మొదటిది తీసి రెండోది వేస్తే లాగుడు పదో వంతు పెరుగుతుంది. అయితే 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేసుంటే అదే పదో వంతు పోయినట్టే! కనుక సోకుకు పెద్ద టైర్లేసిన బండికి ముందు కంపెనీ సైజు వేయించాలి. టైర్లు అరిగితే ఎలాగూ కొనాల్సిందే కదా.

ఇక ఫోర్ వీల్ బండికి లో లివరు ఉంటుంది. పాత సీజే రకాల్లో అది లాగుడును దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. వాడక బిగుసుకుపోయి ఉంటే బాగు చేయించండి. బురదలో, వదులు మట్టిలోనే వేయాలి. ఆరిన తారురోడ్డు మీద వేస్తే గేర్లకు దెబ్బ.

ఇవన్నీ చేసినా లాగకుంటేనే క్రౌన్ సంగతి. ఫోర్ వీల్ బండికి ముందూ వెనకా ఒకే లెక్క ఉండాలి. డబ్బు మిగులుతుందని వెనక ఒక్కటే మారిస్తే ట్రాన్స్‌ఫర్ గేర్లు పాడవుతాయి. రోడ్డు మీద వేగం తగ్గుతుందనీ గుర్తుంచుకోవాలి. రెండు సెట్లు కొనే స్థోమత లేనివారు లోడు తగ్గించి రెండు ట్రిప్పులు వేసుకోవడమే మేలు.

షెడ్డువాళ్లు కూడా పళ్లు లెక్కపెట్టి రైతుకు చూపించాకే ధర చెప్పాలి.