పాలపళ్ళకు ఓటు లేదు

చంటివాడి పన్ను పుచ్చితే ఇళ్ళలో వినబడే మాట ఒకటే: "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే." ఏ ప్రభుత్వమూ ఈ మాట పైకి అనదు గానీ, దశాబ్దాలుగా ఆరోగ్య విధానంలో నడుస్తున్నది ఆ ధోరణే.

డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతానికి, పన్నెండేళ్ళ వారిలో 53.8 శాతానికి పుచ్చుపళ్ళు ఉన్నట్టు తేలింది. ఆనాటి అయిదేళ్ళ పిల్లలు నేడు తమ బిడ్డల్ని అంగన్‌వాడీలో దింపే వయసుకు వచ్చారు. నేటికీ చర్చల్లో ఉటంకించే అంకెలు అవే.

పాలపన్ను ఊడిపోతుందన్నది సగం నిజం. ఆరేళ్ళ ప్రాయంలో, పాలపళ్ళ వరుసకు వెనుకగా, ఏ పన్నూ ఊడకుండానే మొదటి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నుగానే భ్రమిస్తారు. జీవితాంతం నమలవలసిన ఆ పన్ను, పక్కనే కుళ్ళుతున్న పంటి సావాసంలో, రెండో తరగతి దాటకముందే గుంత పడుతుంది. రాత్రంతా నొప్పితో మేలుకున్న పిల్ల పొద్దున్న ఎక్కాలు అప్పజెప్పలేకపోతే హాజరుపట్టీలో ఆ కారణం నమోదు కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం దంత సమస్యలను తన జాబితాలో చేర్చింది. ఏడాదికొకసారి బడికి వచ్చే సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు, దంతవైద్యుడు ఉండడు. గుంత కనబడితే చీటీ రాసి పై ఆస్పత్రికి పంపుతారు. ఒక రోజు కూలీ, బస్సు చార్జీ వదులుకోవలసిన తల్లి ఆ చీటీని గూట్లో పెడుతుంది. ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రిలో చేరిన రోగికే గానీ పన్ను పూడ్పించుకునే పిల్లకు కాదు.

పన్నుల తీరు మరీ చిత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు, బ్రష్‌లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మెచ్చదగిన నిర్ణయమే. అదే రోజున చాక్లెట్లు, బిస్కట్లు, చక్కెర మిఠాయిలపై కూడా 18 నుంచి 5కే దిగింది! ఒక చేత్తో మందు, మరో చేత్తో రోగం. బడికి యాభై మీటర్ల లోపల అధిక చక్కెర పదార్థాల అమ్మకాన్ని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిషేధించింది. ఆ యాభై మీటర్లను టేపు పట్టి కొలిచేదెవరు? 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో అత్యధికం ఆ బోర్డు పరిధిలోనే లేవు.

చికిత్సకు డ్రిల్లింగ్ యంత్రమూ, కుర్చీ అవసరమన్న వాదన పాతబడింది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని కుంచెతో పూస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పూసినచోట పన్ను నల్లబడుతుంది, నిజమే. ఆ నలుపును ఆక్షేపించేవారికి ప్రైవేటు క్లినిక్ ఖర్చు భరించే స్థోమత ఉంటుంది. దేశంలో మూడు వందలకు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. వాటి హౌస్ సర్జన్లను ఈ బృందాల వెంట పంపడానికి కొత్త చట్టం అక్కరలేదు. రాష్ట్రాలు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కేంద్రానికి పంపే ప్రణాళికలో ఆ ద్రవానికీ, వారి దారి ఖర్చులకూ ఒక పద్దు చాలు.